మాట మీద

తంబుచెట్టి వీధిలో, మెట్ల కింద, నా మిషన్లు.
అరవానికొకటి, ఇంగ్లీషుకొకటి.
తెలుగు మిషను ఎవరూ అడగలేదు, నేనూ కొనలేదు.
పేజీకి ముప్పై.
తప్పు నాదైతే మళ్లీ కొట్టినందుకు ఏమీ తీసుకోను.

కొరుక్కుపేట నుంచి పోలమ్మ వచ్చింది,
కార్పొరేషన్ చీపురు గోడకానించి
మా తమ్ముడికి పెరోలు రాయక్కా అంది.
నాయన పోయి నాలుగు దినాలు,
పెద్దకర్మకి వాడుండాల.
"పే రోలంటన్నారు, ఎంత పే చెయ్యాల?"

నవ్వు రాలేదు నాకు.
పన్నెండేళ్లుగా కొడుతున్నాను ఆ మాటని.
మొదటి అక్షరం కుడి చిటికెన వేలికి,
రెండోది ఎడమ చిటికెన వేలికి.
వేళ్లకు తెలుసు.
నాకు తెలుసా అంటే, ఎప్పుడూ వెతకలేదు.

సెల్వనాయగం వకీలు
టిఫిను డబ్బా కింద వేసుకునే
అట్టల్లేని నిఘంటువు ఇచ్చాడు.
సాంబారు మరకల మధ్య వేలు జరుపుతూ చదివాను.
ఫ్రెంచివాళ్ల మాటట.
అర్థం: మాట.
అంతే.

యుద్ధంలో పట్టుబడ్డ దొరలు
మళ్లీ మీ మీద కత్తి ఎత్తమని
నోటితో చెప్పి ఇంటికి పోయేవాళ్లట.
సిపాయి నోటికి కూడా ఆ విలువుండేదో లేదో
ఆ పేజీలో లేదు.
ఇంకా వెనక్కి, గ్రీకుల దాకా పోతే
పక్కన విసిరినది అని ఉంది.
ఒకదాని పక్కన ఒకటి పడితే పోలిక,
పోలికలోంచి కథ,
కథ అరిగి అరిగి మాట,
ఆ మాటలోంచి మూడు రోజుల సెలవు.

డబ్బు కాదు పోలమ్మా, అన్నాను.
డబ్బు బెయిలుకి.
దీనికి మీ తమ్ముడు మాటిస్తే చాలు.
నన్ను ఎగాదిగా చూసింది.
"మాటా? మా మాట ఎవురు తీసుకుంటారక్కా?"

రోలరు మీదున్న కాగితం వైపు చూశాను.
జామీనుకి ఇద్దరు, వాళ్ల ఇంటిపన్ను రసీదులు,
పొద్దునా సాయంత్రం స్టేషన్లో సంతకం,
ఊరు దాటనని హామీ, దాని కింద వేలిముద్ర.
వాడు నోరు విప్పాల్సిన చోటు
ఒక్కటీ లేదు.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది, మండిపడుతూ.
"మూడు దినాలూ నోరు తెరవలా.
ఆఖరి దినం ఆరింటికి పోతే చాలు.
పొయ్యి మీద చేపల పులుసు దించకముందే
రెడ్‌హిల్స్ బస్సెక్కేసినాడు!"

అయిదింటికే పుళల్ గేటు దగ్గరున్నాడట.
వార్డరు గడియారం చూసి
"ఇన్నుం ఒరు మణి నేరం ఇరుక్కు,
టీ కుడిచ్చిట్టు వా" అన్నాడట.
టీ తాగలేదట వాడు.
రోడ్డు వారన నిలబడ్డాడట, గంటసేపు.

ఆ రోడ్డు నాకు తెలుసు.
తిన్నగా పోతే నెల్లూరు.
వాళ్ల తాత చీపురు పనికి
ఈ ఊరొచ్చిన దారే అది.
బస్సులు ఆగుతూనే ఉంటాయి అక్కడ,
కండక్టర్లు తెలుగులో కేకేస్తూనే ఉంటారు.
కాపలా లేదు, సంతకం లేదు, అక్క కూడా లేదు.

మాట మీద నిలబడటం అంటుంటాం.
దానికొక చోటుంటుందని,
అక్కడ లారీల దుమ్ము లేస్తుందని,
కాళ్లు నొప్పి పుడతాయని
నేనెప్పుడూ అనుకోలేదు.

"పులుసు తెల్లారి పారబోసినా," అంది పోలమ్మ.
ఇంకా కోపంగానే కొంగు ముడి విప్పింది.
పోయినసారి పది రూపాయలు తక్కువిచ్చి
మళ్లీ ఇస్తానని వెళ్లిందట.
నాకు గుర్తు లేదు.
నోటు మిషను పక్కన పడేసి
చీపురు తీసుకుంది.